ముత్తి చేతి పట్టీ

నేను ఒక బీపీ పట్టీని. పసిపిల్లల చేతికని కుట్టారు నన్ను. లోపల రబ్బరు తిత్తి, పైన నీలం గుడ్డ. పిల్లల ఆసుపత్రికి పోతాననుకుంటే, ఊరి బయట కోతుల మీద పరిశోధన చేసే చోట తేలాను. అక్కడ ముత్తి అనే ఆడకోతి చేయి నాకు దక్కింది. మనసు దక్కలేదు.

మనసంతా బోనులో ఉన్న నీళ్ల గొట్టం మీదే. గంట మోగితే ఒక్క శనగగింజ పడేది. మళ్లీ గంట ఎప్పుడో తెలియదు. ఆ ఎదురుచూపులో ముత్తి దాహం లేకున్నా గొట్టం పట్టుకుని తాగేది, పొట్ట ఉబ్బేదాకా. అలా అలవాటు చేస్తే ఎంత తాగుతుంది, రక్తపోటు ఎంత పెరుగుతుంది అని చూడటమే అక్కడి పని. మధ్యలో టీ గంట మోగేది. డాక్టర్లంతా లేచి వెళ్లి తాగొచ్చేవాళ్లు. వాళ్లకెవరూ పట్టీ కట్టలేదు.

ముత్తి ఆ గొట్టం మూతికి మూతి ఆనిస్తే నాకు ఒళ్లు మండేది. గాలి కొట్టకుండానే బిగుసుకునేదాన్ని. నన్ను చూస్తే మాత్రం బెదిరి పళ్లికిలించేది.

పరిశోధన అయిపోయింది. గంటలు ఆపారు, తాగుడు తగ్గింది. బీపీ దిగితే ముత్తిని చెట్లున్న ఆవరణలో వదులుతారట. దిగకపోతే ఇంకో పరిశోధన, ఇంకో బోను. రోజూ కట్టి చూశారు. రోజూ ఎక్కువే. పాపమంతా గొట్టానిదేనని లోలోపల సంబరపడ్డాను.

డాక్టర్ హిమబిందు మాత్రం నన్నే చూసింది.

"పెంటయ్యా, ఈ పట్టీ విప్పే చప్పుడుకే ముత్తి వణుకుతోంది, ఆ భయానికే బీపీ ఎక్కుతోంది. ముందు నీకు కడతాను."

ముత్తికి మేత పెట్టే పెంటయ్య చేయి చాపాడు. నేను మణికట్టు వరకే సరిపోయాను.

"నాకు గాజులేస్తున్రా మేడం?"

రోజూ అదే తంతు. ముత్తి చూసి చూసి దగ్గరికొచ్చింది. నన్ను పక్కకు నెట్టి పెంటయ్య చేతి మీది వెంట్రుకల్లో పేలు వెతికింది. గొట్టం నయమనిపించింది నాకు.

ఒకనాడు ముత్తి తనే చేయి చాపింది. కట్టారు. వణకలేదు. నా పట్టులో అది నెమ్మదిగా కూర్చోవడం అదే మొదలు. ఎక్కువ చూపిస్తే నా దగ్గరే ఉంటుంది. కానీ అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. ఉన్నదే చెప్పాను.

"దిగింది," అంది మేడం.

"ఇగ పోదాం పా బిడ్డా," అన్నాడు పెంటయ్య.

నన్ను విప్పి బల్ల మీద పడేశారు. ముత్తి చేతి వేడి ఇంకా నాలోనే ఉంది. ఇన్నాళ్లూ దాన్ని చుట్టుకున్నది నేను. అది రెండు చేతులా చుట్టుకున్నది పెంటయ్య మెడని.