పదిహేడు నుంచి పదిన్నరకు

మా హన్‌గ్యోల్ పుట్టగానే కామెర్లు వచ్చి రక్తపరీక్ష చేశారు. హిమోగ్లోబిన్ పదిహేడు. మా అత్తగారు ఆ అంకెను మా మోక్‌పో ఊరంతా చాటింపు వేశారు. మా ఆయనకే పద్నాలుగు. మనవడు తండ్రిని పొట్టలోంచే దాటేశాడట.

రెండో నెల టీకాలప్పుడు మళ్ళీ రక్తం తీశారు. మర్నాడు ఫోనుకి ఫలితం వచ్చింది: పదిన్నర. అత్తగారు ముందు ఫోను వైపు, తర్వాత నా వైపు చూశారు.

"బాలింతకి పాలు పడాలంటే నాచు సూపు ఇంకొన్నాళ్ళు తాగమ్మాయీ అంటే విన్నావా? నీళ్ళపాలు తాగి వాడి రక్తమూ నీళ్ళయింది."

"మూడు వారాలు మూడు పూటలా తాగాను అత్తయ్యా. ఇంకాస్త తాగితే మొప్పలు మొలిచేవి."

ఆవిడ నవ్వలేదు. సాయంత్రానికి పాలపొడి డబ్బా తెచ్చేశారు. వాడేమో నా పాలే కడుపారా తాగి, నా ఒళ్ళోనే గుర్రు పెడుతున్నాడు. నా పాలకి ఇంత అవమానమా!

"డాక్టరు మానెయ్యమంటే ఆ క్షణమే మానేస్తాను. అప్పటిదాకా మూత తీయొద్దు" అన్నాను.

పొద్దున్నే ముగ్గురం డాక్టర్ ప్యో దగ్గరికి వెళ్ళాం.

"రక్తహీనతే కదండీ? వాళ్ళ నాన్నకి పద్నాలుగు" అన్నారు అత్తగారు.

"వాళ్ళ నాన్న బూట్లు వీడికి తొడుగుతారామ్మా? ఏ వయసు లెక్క ఆ వయసుదే. తల్లి కడుపులో ప్రాణవాయువు తక్కువ, అందుకని రక్తం ఎక్కువ పోగేసుకున్నాడు. ఇప్పుడు సొంతంగా ఊపిరి తీస్తున్నాడు, అంత అక్కర్లేదు. రెండు మూడు నెలల దాకా దిగి, తర్వాత మళ్ళీ ఎక్కుతుంది."

"మరి పాలు..."

"బంగారంలా ఉన్నాయి. బరువు చూడండి! ఆరో నెల నుంచి మాత్రం జావలో గొడ్డుమాంసం మెత్తగా నూరి కలపండి, పుట్టుకతో తెచ్చుకున్న ఇనుము అప్పటికి కరిగిపోతుంది. ఏడాది నిండాక కూడా ఈ పదిన్నరే ఉంటే, అప్పుడు నేనూ కంగారుపడతాను."

బస్సులో అత్తగారు కిటికీలోంచే చూస్తూ కూర్చున్నారు. తప్పైందనడం ఆవిడకి అలవాటు లేదు, నేనూ ఎదురుచూడలేదు.

వాడి నూరో రోజు వేడుకకి, ఆనవాయితీగా ఇరుగుపొరుగుకి బియ్యపు కేకులు పంచడానికి ఇద్దరం మా అపార్ట్‌మెంటు అంతస్తులన్నీ తిరిగాం. నేను పళ్ళేలతో లిఫ్టులో నిలబడితే, అత్తగారు కింది వాటా దోంగ్‌వాన్ నాయనమ్మని పట్టుకున్నారు.

"రెండో నెలలో మీ వాడికి రక్తం ఎంత?"

"పన్నెండనుకుంటా. ఏం?"

"అయ్యో, సరిగ్గా దిగలేదా పాపం! మావాడు పదిహేడు నుంచి పదిన్నరకి టంచనుగా దిగాడు. డాక్టరమ్మే మెచ్చుకుంది. మా కోడలి పాలు అలాంటివి మరి!"

పన్నెండులోనూ తప్పేమీ లేదని చెప్పాల్సింది. చెప్పలేదు. మిగతాది కూడా వినాలని, లిఫ్టు తలుపు మూసుకోకుండా మీట నొక్కి పట్టుకున్నాను.