బూడిద రంగు నంబరు

"ఎవడో హ్యాక్ చేశాడమ్మాయ్. ఆ గురవయ్యే అయ్యుంటాడు. వాడి బోరు రిగ్గు ఊళ్లమ్మట తిరగతానే ఉంది, నాది షెడ్డు దాటలా."

"ఉన్నది ఒక్క పేజీ పెదనాన్నా. నీ బోరు లారీ ఫోటో, రెండు లైన్లు, నంబరు. హ్యాక్ చేసి ఏం చేసుకుంటాడు?"

పక్కింటి దుర్గ డిగ్రీ అయ్యాక చేసిన మొదటి వెబ్ పేజీ అది. ఇక అంతా ఫోన్లోనే అనుకుని శివరామయ్య గోడల మీది తన నంబర్లకు సున్నం కొట్టించి, ఊరూరి వాట్సాప్ గ్రూపులకు లింకు పంపాడు. నాలుగు రోజుల్లో ఆరు వందల మంది తెరిచారు. ఒక్కడూ ఫోన్ చేయలేదు.

"సాయంత్రంలోగా దొంగ ఎవడో తేల్చు. లేదంటే పేజీ పీకేస్తా. ఆపైన కారంపూడిలో నీకు పనెవరిస్తారో చూద్దాం."

దుర్గ పేజీలోని నంబరు నొక్కింది. ఆయన జేబులో ఫోన్ మోగింది. నంబరు సరిగ్గానే ఉంది. మరి తప్పెక్కడ?

మధ్యాహ్నానికి ఇద్దరూ బండి మీద బొల్లాపల్లి చేరారు. లింకు అందుకున్న రైతు గంగయ్య ఎండుతున్న మిరప చేలో నిలబడి ఉన్నాడు.

"ఒరేయ్ గంగయ్యా, బోరు ఎండితే నాకు చెప్పొద్దా?"

"నీ నంబరేది అన్నా? లింకు తెరిస్తే లారీ బొమ్మ, కింద తెల్ల కాయితం."

ఫోన్ చూపించాడు. నిజమే. శివరామయ్య ఆ ఫోన్ మీద తువ్వాలు కప్పి లోపల తల దూర్చాడు. "ఇదిగో, ఉందిగా." తల బయటికి తీశాడు. "ఏందిది, పోయింది."

దుర్గకు అర్థమైంది. తెల్లటి బ్యాక్‌గ్రౌండు మీద లేత బూడిద రంగు అక్షరాలు. షెడ్డు నీడలో ముచ్చటగా కనిపించాయి. బోరు కావాల్సినవాళ్లు చూసేది నడి చేలో, ఎండలో నిలబడి. అక్కడికక్కడే అక్షరాలను చిక్కటి నలుపు చేసింది. గంగయ్య పేజీ మళ్లీ తెరిచి, పది అంకెలూ పైకి చదివి నొక్కాడు. శివరామయ్య జేబు మోగింది.

"రేపు పొద్దున్నే లారీ వచ్చుద్ది," అని గంగయ్యకు చెప్పి, ఆయన దుర్గ వైపు తిరిగాడు. "ఆ దిక్కుమాలిన రంగు ఎవడు పెట్టమన్నాడు?"

"వద్దులే పెదనాన్నా."

"చెప్పవే. ఎవడైనా సరే, వదల్ను."

"పసుపు పెడితే ఒక పార్టీ వాళ్లు పిలవరన్నాడు. నీలం పెడితే ఇంకో పార్టీ వాళ్లు పిలవరన్నాడు. ఆకుపచ్చ, గులాబీ, కాషాయం, అన్నిటికీ అదే మాట. నలుపేమో అశుభమన్నాడు. చివరికి ఏ జెండాలోనూ లేని రంగు పెట్టమన్నాడు."

"ఎవడే ఆ మేధావి?"

గంగయ్య పక్కకు తిరిగి నవ్వు ఆపుకున్నాడు.

"వేములపాటి శివరామయ్య," అంది దుర్గ.