ఊరుకోని చేయి

భర్త వెస్లీ సారుకు స్నానం చేయించే ముందు ఆయన మణికట్టు నుంచి ఆ నల్ల పట్టీ విప్పి, ఎలిశిబా తన చేతికి పెట్టుకుంది. కింద పెట్టడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. హైదరాబాదు నుంచి వచ్చిన డాక్టర్ సుమన పోతూ పోతూ ఒకటే మాట మరీ మరీ చెప్పింది. "ఆంటీ, ఇది ఒక్క నిమిషం గూడ ఒట్టిగ పడి ఉండొద్దు. చేతికే ఉండాలె." ఎవరి చేతికో విడమరిచి చెప్పలేదు.

చూడటానికి గడియారంలాగే ఉంటుంది కాని అది టైము చూపించదు. సారు చేయి ఎప్పుడు వణికింది, మాత్ర వేసుకున్న ఎంతసేపటికి కుదుటపడింది, అన్నీ లోపల రాసిపెట్టుకుంటుంది. సారులాగే పార్కిన్సన్స్ అనే వణుకు రోగం ఉన్న వందల మంది చేతుల కదలికలు కంప్యూటరుకు నేర్పించారట. అది చెప్పినదాన్ని బట్టి మందు ఎంత వేయాలో తేలుస్తారట.

పది రోజుల్లో వస్తానన్న సుమన, సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయి, నెల దాటినా మెదక్ రాలేదు. సారుకు విసుగు పుట్టింది. "బరువైతుంది. పగటిపూట నువ్వే పెట్టుకో. ఇంట్ల ఉండేదానివి, నీకు పనేముంటది" అన్నాడు. ముప్పై నాలుగేళ్లుగా వింటున్న మాటే. పెళ్లైన కొత్తలో ఆమెను చర్చి క్వయర్ మాన్పించినప్పుడు, "పాటలకు పోతే పొయ్యి కాడ ఎవరుంటరు?" అన్నదీ ఆ నోరే. ఆ రెండు మాటలకూ పొత్తు ఎలా కుదిరిందో ఆమెకు ఇప్పటికీ అర్థం కాదు.

కోపం లేదని కాదు, ప్రేమ దానికంటే మొండిది. ప్రభురాత్రి భోజన సంస్కారం నాడు చేయి వణికి ద్రాక్షరసం తెల్ల చొక్కా మీద ఒలికినప్పటి నుంచి సారు చర్చికి రావడం మానేశాడు. ఈ మాత్రలు కుదిరాకే గ్లాసు తనంతట తాను పట్టుకుంటున్నాడు. ఆ గ్లాసు చూస్తే ఆమెకు కడుపు నిండుతుంది.

సమ్మె ముగిశాక సుమన వచ్చింది. లాప్‌టాప్ తెరిచి మొహం ముడుచుకుంది. "సార్, మూడింటికి తప్ప పగలు వణుకే లేదు. కాని పొద్దున అయిదు నుంచి రాత్రి తొమ్మిది దాంక చేయి ఆడుతనే ఉన్నది. మందు ఎక్కువైతే గిట్లనే అయితది. కంప్యూటర్ గూడ అదే చెప్తుంది. మాత్ర సగం చెయ్యాలె."

సారు తన చేతిలోని గ్లాసు వైపు చూసుకున్నాడు.

ఎలిశిబా చేయి కొంగులో దాచుకుంది. చెప్తే తప్పు తనదవుతుంది. చెప్పకపోతే ఆ గ్లాసు పోతుంది.

"అది రోగం కాదు బిడ్డా. అది నా చేయి."

పగలంతా తానే పెట్టుకున్నానని చెప్పింది. కోప్పడుతుందనుకున్న పిల్ల, తెర మీది గీతల మీద వేలు పెట్టి అడగసాగింది.

"పదకొండింటికి గింత గట్టిగ ఊగింది, ఏం చేసిన్రు?"

"బట్టలు ఉతికిన."

"గిది?"

"బియ్యం చెరిగిన."

"రోజూ మూడింటికి ఇరవై నిమిషాలు ఆగింది. దాంట్ల మాత్రం సన్నగ వణుకుంది ఆంటీ. గా వణుకు మీది కాదు."

"మందు దిగిపోయే యాళ్ల గది. వణికే ఆయన చేయి పట్టుకొని కూసుంట."

సుమన తెర మీది నుంచి వేలు తీసింది. "వందల చేతులు నేర్పించినం," అంది. "ఇంటిపని చేసే చేయి ఎట్లుంటదో దానికి ఎవ్వరం నేర్పలే."

వెస్లీ సారు రిటైరైన లెక్కల మాస్టరు. ఆ గీతలను చాలాసేపు చూశాడు. "పదహారు గంటలు," అన్నాడు మెల్లగా. "నేను బడిల ఆరు గంటలే చెప్పేటోణ్ణి." తర్వాత వణుకుతున్న చేయి ముందుకు చాపాడు. "పట్టీ నాకే పెట్టు. డాక్టరమ్మా, మాత్ర తగ్గించకుండ్రి. మల్ల పది రోజులు చూడుండ్రి."

ఎలిశిబాకు కళ్లు చెమ్మగిల్లాయి. అయినా పదహారు గంటలన్న ఆ ఒక్క మాటతో సరిపెట్టుకోబుద్ధి కాలేదు.

ఏ గంటకు సారు ఏం చేశాడో రాయమని సుమన గంటకో గడి గీసిన కాగితం ఇచ్చింది. పట్టీ ఆయన చేతికి బిగించి, ఎలిశిబా పెన్ను తీసుకుంది. మూడింటి గడిలో 'చేయి పట్టుకొని కూసునుడు' అని రాసింది. నాలుగింటి గడిలో, సారుకు కనబడేటట్టు పెద్ద అక్షరాలతో రాసింది: 'క్రిస్మస్ క్వయర్ ప్రాక్టీసు. ఎలిశిబా ఇంట్ల ఉండదు.'