కత్తిరింపు బల్ల దగ్గర ఒక్క చోటు

చేతి తొడుగులు తయారుచేసే ఆ కర్మాగారంలో తోలు కత్తిరించేది మగవాళ్లు, కుట్టేది ఆడవాళ్లు. ఎవరు పెట్టిన కట్టుబాటో ఎవరికీ తెలియదు. కారణం మాత్రం అందరికీ తెలుసు. తడిపిన తోలును బల్ల అంచుకు ఆనించి, ఇక సాగనని అది మొరాయించేదాకా లాగాలి. అలా లాగకుండా కత్తిరించిన తొడుగు కొన్నాళ్లకే వదులై వేళ్ల మీద వేలాడుతుంది. అంతగా లాగే బలం ఆడవాళ్ల చేతుల్లో ఉండదని మేస్త్రీ చెప్పేవాడు. ఇంటి దగ్గర నీళ్లూ, పిల్లలనూ, మంచాన పడ్డ పెద్దలనూ ఎత్తి మోసే చేతుల సంగతి అతణ్ని ఎవరూ అడగలేదు.

పుట్టినప్పటి నుంచీ అందరూ అబ్బాయే అనుకున్న చెల్లెలు ఆ బల్ల దగ్గర అబ్బాయిగానే చేరి పని నేర్చుకుంది. చాలా ఏళ్ల తరువాత, ఒకసారి సెలవులు ముగిసిన ఉదయాన, ఆడవాళ్ల బట్టల్లో వచ్చి తన స్టూలు మీద తాను కూర్చుంది. బల్ల చుట్టూ కొన్నాళ్లు వెకిలి నవ్వులు నడిచాయి. అంతకుముందు 'కత్తెర' అని పిలిచే తోటివాళ్లు వెటకారానికి 'కత్తెరమ్మ' అన్నారు; అనగా అనగా వెటకారం అరిగిపోయి పేరే మిగిలింది. వింత ఏమిటంటే, ఆమె చేతుల్లో బలం తగ్గిందని మాత్రం ఎవరూ అనలేదు.

ఆమెను మొట్టమొదట 'చెల్లీ' అని పిలిచింది అక్క. తల్లి పోయాక పెంచింది కూడా అక్కే. చెల్లెలు తాను ఆడపిల్లనని చెప్పుకున్న రోజున అక్క బట్టల పెట్టె మూత తీసి, "సరేలే, నా పాత బట్టలు వృథా పోవు," అంది. ఆ తరువాత ఆ ఇంట్లో దాని గురించి చర్చ జరగలేదు.

అక్క అదే కర్మాగారంలో కుట్టుపని చేసేది. పగలంతా తొక్కుడు మిషను మీద ఆడీ ఆడీ ఆమె కుడి మోకాలు వాచిపోయింది. తొక్కడం మానకపోతే కాలు ఇక ముడుచుకోదని డాక్టరు తేల్చి చెప్పాడు. తొక్కకుండా చేసే పని అక్కడ ఆడవాళ్లకు లేదు. ఇంట్లో కూర్చోవడమంటే అక్కకు, బతికుండగానే గోడకు తగిలించిన పటమైపోవడం.

సరిగ్గా అప్పుడే, సరుకు కొనే కంపెనీ ఒక షరతు పెట్టింది: ప్రతి విభాగంలోనూ కనీసం ఒక స్త్రీ ఉండాలి. కుట్టేవాళ్లంతా కూడబలుక్కుని అక్క పేరే చెప్పారు. కత్తిరింపు బల్ల దగ్గరైతే ఎత్తు స్టూలు మీద కాలు చాపుకుని పని చేసుకోవచ్చు. వాళ్లలో అందరికంటే పాతదీ, నోరున్నదీ అయిన పెద్దమ్మ మేనేజరు గదికి వెళ్లింది. ఆయన నింపాదిగా విని, ఆ బల్ల దగ్గర ఇప్పటికే ఒక ఆడమనిషి ఉందిగా, ఇంకొకరెందుకు అన్నాడు.

చెల్లెలు ఆడవాళ్ల గదిలో బట్టలు మార్చుకుంటానని అడిగినప్పుడు కుదరదని పంపేసిందీ ఈయనే. అప్పుడు పెద్దమ్మే మిగతావాళ్లకు నచ్చజెప్పి, ఆ గదిలో మూలనున్న కొక్కెం ఒకటి ఆమెకు గుట్టుగా ఇప్పించింది.

"బట్టలు మార్చుకోడానికైతే మగాడు, పైవాళ్లకి చూపించుకోడానికైతే ఆడదీనా సారూ?" అని పెద్దమ్మ నిలదీసింది. మేనేజరు కోప్పడలేదు. కొనే కంపెనీ నుంచి అధికారిణి వస్తోంది, ఆవిడే తేలుస్తుందిలే అన్నాడు.

సంగతి ఇంటికి వచ్చేసరికి దాని అసలు రూపం బయటపడింది. చెల్లెలు ఆడదైతే అక్కకు చోటు లేదు. అక్కకు చోటు కావాలంటే చెల్లెలు మగవాడు కావాలి.

"ఏముందక్కా, మగాణ్నే అని చెప్పేస్తా. ఇన్నాళ్లూ లోకమంతా అన్నమాటే. ఇంకోసారి నేనంటే అరిగిపోతానా?" అంది చెల్లెలు, అన్నం కలుపుతూ.

"నోర్ముయ్. నా మోకాలి కోసం మగాడివైతే, రేపు నా నడుం కోసం ఏమవుతావ్?"

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వు అయిపోయాక అక్క చెయ్యి దానంతటదే మోకాలి మీదికి పోయి రుద్దడం మొదలుపెట్టింది. చెల్లెలు ఆ చేతిని చూసింది. తాను మనస్ఫూర్తిగానే మాటిచ్చింది. అయినా అక్క వద్దన్నప్పుడు గుండెల్లోంచి దిగిన బరువు ఎంతో తెలిసి తనకే సిగ్గనిపించింది.

అధికారిణి సౌమ్యురాలు. మేనేజరు గదిలో కార్మికులు కూర్చోవడం అదే మొదటిసారి. కుర్చీలు ఆవిడే వేయించింది. అక్క వాచిన కాలిని పక్కకు చాపి కూర్చుంది. పెద్దమ్మ చెప్పిందీ, మేనేజరు చెప్పిందీ విని, ఆవిడ చెల్లెలి వైపు తిరిగింది.

"వీళ్లందరి మాటా అలా ఉంచండి. మీరెవరో మీరే చెప్పాలి. మీరేదంటే నాకు అదే."

అంత మర్యాదగా ఆ ప్రశ్న ఆమెను ఎవరూ, ఎప్పుడూ అడగలేదు. దానికి జవాబు చిన్ననాటి నుంచీ నాలుక చివరనే ఉంది. చెప్పవలసింది ఇవాళ ఆ జవాబు కాదు. ఆమె నోరు తెరిచింది. ఇచ్చిన మాటా రాలేదు, నిజమూ రాలేదు. తలుపు అవతల మిషన్ల చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది.

"వాడు నా తమ్ముడండీ," అంది అక్క, నేల వైపు చూస్తూ.

 ఆ మాట చాలలేదనుకుందేమో, అక్క మళ్లీ అంది: "ఆ బట్టలు... సరదాకి వేస్తాడు. చిన్నప్పట్నించీ అంతే."

మొదటి మాట అవసరం కోసం పుట్టింది. రెండోది నమ్మించడం కోసం పుట్టింది. లోపలికంటా దిగింది అదే. అధికారిణి, నిజమేనా అన్నట్టు చెల్లెలి ముఖంలోకి చూసింది. చెల్లెలు అవునన్నట్టు తల ఊపింది.

అక్కకు స్టూలు దొరికింది. మర్నాడు పెద్దమ్మ చెల్లెల్ని గోడ పక్కకు తీసుకువెళ్లి, పైవాళ్ల కళ్లు పడ్డాయి కనుక ఇక మగవాళ్ల గదిలోనే బట్టలు మార్చుకోమని చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె చెయ్యి వదల్లేదు. సరదాలు ఇంటి దగ్గరేనని మేనేజరు కబురంపాడు. చెల్లెలు చొక్కా వేసుకుని వచ్చింది. బల్ల దగ్గర ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎవరూ చెప్పకుండానే ఆమె మళ్లీ వట్టి 'కత్తెర' అయిపోయింది.

ఆమే అక్కకు తోలు లాగడం నేర్పింది. తొందరపడకు, మణికట్టుతో కాదు భుజంతో లాగు, అని పక్కనే కూర్చుని చూపించింది. అక్క చేతుల్లో బలం కావలసినంత ఉంది. మేస్త్రీ వెనక నిలబడి చూసి, ఆమె ముందుకు ఇంకో తోలు జరిపి వెళ్లిపోయాడు. మోకాలి వాపు తగ్గుముఖం పట్టింది.

అయితే అక్కకు పిలవడానికి మాట లేకుండా పోయింది. కర్మాగారంలో పాత పిలుపు నోటి వెంట వచ్చిందంటే స్టూలు పోతుంది. ఇంటి దగ్గరా అంతే: ఇరుపక్కల వాళ్లూ అక్కడ పనిచేసేవాళ్లే, గోడలేమో పలచనివి. 'తమ్ముడూ' అనడానికి, ఆ గదిలో ఒకసారి తిరిగిన నాలుక మళ్లీ తిరగలేదు. ఇదుగో, వింటున్నావా, ఇటు చూడు, అంటూ రోజులు నెట్టుకొచ్చింది.

ఒక సాయంత్రం చెల్లెలు పొయ్యి దగ్గర వెనక్కి తిరిగి నిలబడి ఉంది. అక్క తలుపు గడియ వేసి, దగ్గరికి వచ్చి, చెవిలో చెప్పినంత మెల్లగా, "చెల్లీ," అంది.

చెల్లెలు తిరిగి చూడలేదు. గిన్నె మీద మూత సరిచేసింది.

"వద్దక్కా," అంది. "అలవాటైతే, బల్ల దగ్గర నోరు జారుతావు."