లోపలి గుబ్బ

బోద్రీ కోర్టు వెనక బండ్లు నిలిపే మట్టి నేలలో ఆ పాత తెల్లకారు ఒక్కటే ఎండలో ఉంది. ఉన్న కాస్త నీడనూ వకీళ్ల కార్లు పొద్దున్నే పంచేసుకున్నాయి. నూకరాజు స్కూటర్‌కి స్టాండు వేసి పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకున్నాడు. మే నెల, మూడు దాటినా ఎండ తగ్గలేదు. స్టేషను దగ్గర తాళాల బంకు కట్టేసి ఇంత దూరం రావలసిన పని కాదిది. కానీ ఫోను చేసిన మనిషి, నేను సింహాచలంగారి అబ్బాయిని, రాజేంద్రని అన్నాడు. ఆ పేరు విన్నాక కాళ్లు ఆగలేదు. ప్రేమతో మాత్రం కాదు.

నూకరాజు తండ్రి లోకోషెడ్డులో డ్యూటీ మీదే పోయాడు. ఆ ఉద్యోగం ఇద్దరు కొడుకుల్లో ఒకడికి వస్తుంది, రెండోవాడు నాకు అడ్డు లేదని కాగితం రాసివ్వాలి. అన్నను చదివించడానికి ఏడో తరగతిలోనే బడి మానేసినవాడు నూకరాజు. ఇంగ్లీషు కాగితం చేతిలో పెట్టింది తండ్రి స్నేహితుడు సింహాచలం. 'సంతకం పెట్టీ నాన్నా, మీ అన్న నిన్ను ఒగ్గేస్తాడేటి?' అని భుజం తట్టాడు, కింద సాక్షి సంతకం కూడా తనే చేశాడు. ఏడాది తిరక్కుండా అన్న క్వార్టర్‌లోంచి గెంటేశాడు. ముప్పై ఏళ్లుగా ఇతరుల తలుపులు తెరుస్తూ బతుకుతున్నాడు నూకరాజు.

రాజేంద్ర చంకలో ఫైలు పెట్టుకుని కారు చుట్టూ తిరుగుతున్నాడు. తాళంచెవి తిరుగుతోంది గానీ తలుపు రావడం లేదట. జిరాక్సులు తీయించడానికి వెళ్తూ నాన్నను బండిలోనే ఉంచాడట, పక్షవాతం మనిషి కదా, ఎక్కడని తిప్పుతాను, ఇప్పుడు పిలిస్తే పలకడం లేదు, నిద్రపోయినట్టున్నాడు అన్నాడు.

నూకరాజు ఆగిపోయాడు. "మనిషిని లోపలెట్టి తాళమేసీసినావా బాబూ?"

"పదిహేను నిమిషాలే కదా అన్నా. అద్దం రెండు వేళ్లు దించే వెళ్లాను. జల్దీ చూడు, నాలుగున్నరకి నోటరీ వెళ్లిపోతాడు."

రాజేంద్ర ఫోను చేశాక తను వచ్చేసరికే ముప్పావుగంట గడిచింది. నూకరాజు ముసలాయన కూర్చున్న ఎడమవైపు ముందు తలుపు అద్దం చూశాడు. ఎండకని లోపల అంటించిన నల్లగుడ్డ వెనక అద్దం పైదాకా ఎక్కి ఉంది. వేలు కాదు, కాగితం దూరే సందు కూడా లేదు.

"ఏదీ, దించింది?"

రాజేంద్ర చూసి భుజాలెగరేశాడు.

పాత బండి. ఒక తలుపు తీస్తే అన్నీ తెరుచుకునే సదుపాయం లేదు. ముందు తలుపులు రెంటికే తాళం కన్నాలు. డ్రైవరు వైపు కన్నంలోకి చెవి సగం కూడా దిగలేదు. నూకరాజు సూదితో గీరితే ఎర్రటి పెచ్చు ఊడి పడింది. పసుపూ కుంకుమా నూనే కలిసి గట్టిపడిన ముద్ద. అమ్మ ప్రతి శుక్రవారం కన్నానికి బొట్టు పెట్టేదని, అది పూడుకుపోయి నాలుగేళ్లయిందని, ఆవిడ పోయాక కూడా ఎవరూ బాగుచేయించలేదని రాజేంద్ర చెప్పాడు. అప్పట్నుంచీ ఎడమ తలుపుతోనే తీయడం. సింహాచలం భార్య అచ్చియమ్మ చేతి బొట్టన్నమాట. ఆవిడ ఒకప్పుడు నూకరాజుకు అన్నం పెట్టిన మనిషే.

ఎడమ తలుపుకు వచ్చాడు. చెవి పళ్లు చూశాడు, అరగలేదు. అయినా ఆకురాయితో ఒకసారి తుడిచి, పెన్సిల్ ముల్లు పొడి కన్నంలోకి ఊదాడు. చెవి వెన్నలా తిరిగింది. లోపల అద్దం అంచున తాళం గుబ్బ టక్కున లేచిన చప్పుడు వినపడింది. హ్యాండిల్ లాగాడు. రాలేదు. మళ్లీ తిప్పాడు. టక్. చెయ్యి హ్యాండిల్ మీదికి పోయేలోగా ఇంకోసారి టక్.

రెండో చప్పుడు తాళం చేసింది కాదు. ముప్పై ఏళ్ల పనివాడికి ఆ మాత్రం తెలుసు.

నల్లగుడ్డ ఒక మూల కాస్త వదులై ఉంది. అక్కడ నుదురు ఆనించి, ఎడమ అరచెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి చూస్తూ కుడిచేత్తో చెవి తిప్పాడు. గుబ్బ లేచింది. దాని ప్లాస్టిక్ టోపీ ఎప్పుడో ఊడిపోయి ఇనుప చువ్వ మిగిలింది. చీకట్లోంచి ఒక బొటనవేలు వచ్చి ఆ చువ్వను కిందికి నొక్కింది.

సింహాచలం పడుకోలేదు. మూతి ఒక పక్కకు లాగేసిన ముఖం అద్దానికి జానెడు దూరంలో ఉంది. ముసలాడు నూకరాజును పోల్చుకున్నాడు. వద్దని తల అడ్డంగా ఆడించాడు.

నూకరాజు వెనక్కి తిరిగి, ఏటి ఆ కాగితాలని అడిగాడు. లింగియాడీహ్‌లో నాన్న ఇల్లు తన పేర రాయించుకుంటున్నానని, అంతా సిద్ధమేనని, వేలిముద్రే తక్కువని రాజేంద్ర చెప్పాడు. మాటలో దాపరికమేమీ లేదు. ఇల్లు అమ్మి తను రాయ్‌పూర్ వెళ్లిపోతాడట, నాన్నకు అక్కడెక్కడో ఆశ్రమంలో మాట్లాడి ఉంచాడట.

మగవాడికి ఎడమ బొటనవేలే ముద్ర. సింహాచలానికి పనిచేసే చెయ్యి అదొక్కటే.

తాళం చెడిపోయింది, నా వల్ల కాదు అనొచ్చు. నాలుగున్నర దాటిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. దాని వెనకే ఇంకో మాటా వచ్చింది: ఉడకనీ, నాకు కాగితం పెట్టినోడే కదా. నూకరాజు మళ్లీ అద్దంలోకి చూశాడు. ముసలాడి ముఖం ఇటుకలా ఎర్రబడింది. మీద చెమట చుక్క లేదు. చెమట ఆగిపోయిన మనిషి ఎంతసేపుంటాడో షెడ్డులో పెరిగినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు.

రాజేంద్ర ఇటుకరాయి అందుకున్నాడు. అద్దం పెంకులు ముసిలాయన మీదే పడతాయని నూకరాజు వారించి, డ్రైవరు తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. స్కూటర్‌లోంచి తీసిన పెట్రోలు కన్నంలో పోసి, సూదితో అచ్చియమ్మ బొట్లు ఒక్కొక్క పొరే తవ్వాడు. వేళ్లన్నీ ఎర్రబడ్డాయి. పది నిమిషాలకు చెవి దిగింది, తిరిగింది. ఆ గుబ్బ లేచి లేచినట్టే ఉండిపోయింది. అంత దూరం సింహాచలం చెయ్యి అందదు.

తలుపు తీయగానే పొయ్యిలోంచి వచ్చినట్టు సెగ కొట్టింది. నూకరాజు తన సీసాలో నీళ్లు ముసలాడి తల మీద పోసి, మిగిలినవి కొద్దికొద్దిగా తాగించాడు. "నానే సిన్నాన్నా, నూకరాజుని" అన్నాడు. సింహాచలం గొంతులో ఏదో గురగురలాడింది గానీ మాట కాలేదు.

రాజేంద్ర చెవి అందుకుని అటుపక్క తలుపు తెరిచి తండ్రి ఎడమచేయి పట్టుకుని పైకెత్తాడు. బొటనవేలి కొస చర్మం లేచిపోయి ఉంది. చువ్వ మీద నొక్కీ నొక్కీ మాంసం బయటపడింది. గీతలుండాల్సిన చోట నెత్తురు.

రాజేంద్ర కేకలు వేయలేదు. నీళ్లు తెస్తానని కూడా అనలేదు. ఆ వేలును అటూ ఇటూ తిప్పి చూసి, నూకరాజు చేతుల మీది పాత గాట్లను చూసి, మీ పనివాళ్లకి రోజూ తెగుతూనే ఉంటాయి కదా, చర్మం ఎన్నాళ్లకి వస్తుంది అన్నాడు.

"పది, పన్నెండు రోజులు" అన్నాడు నూకరాజు, పనివాడి అలవాటుతో. నోట్లోంచి జారాక గానీ ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో తట్టలేదు.

రాజేంద్ర ఫోన్లో తేదీలు చూసుకున్నాడు. "అచ్ఛా. ఇంకో పని అన్నా. లోపలి గుబ్బలు నాలుగూ తీసేయగలవా? బయట్నుంచి నేను తీస్తేనే తెరుచుకోవాలి."

అయిదు నిమిషాల పని. "నాకు రాదు" అన్నాడు నూకరాజు.

"పర్వాలేదులే. దారిలో ఎవరో ఒకరు చేస్తారు."

చేస్తారు. ఇక్కణ్ణుంచి స్టేషను దాకా ఆ పని వచ్చినవాళ్లు ఎంతమందో, వాళ్ల పేర్లేమిటో కూడా నూకరాజుకు తెలుసు. తండ్రి వేలికి గుడ్డ అడగాలని కూడా తోచక రాజేంద్ర ఎడమ తలుపు మూసి, నోటరీకి ఫోను చేసుకుంటూ నీడలోకి నడిచాడు.

నూకరాజు తన జేబురుమాలు తీసి డ్రైవరు సీటు మీదుగా వంగి అందించాడు. సింహాచలం అందుకోలేదు. నెత్తురోడుతున్న వేలుతో చువ్వను తడుముకుని, కిందికి నొక్కాడు.