బండికి కట్టిన కూలర్ గడ్డి

మహారాష్ట్రలోని బొగ్గుగనుల ఊరు చంద్రాపూర్ పేరులో ఉన్నది చంద్రుడు, పెత్తనమంతా సూర్యుడిది. మే నెలలో ఆ ఊరి కాకి కూడా నీడ దొరికాకే నోరు తెరుస్తుంది. అందుకే మార్చి చివర్లో ఆ ఊళ్ళోని తుకుం పేట గల్లీలన్నీ ఒకే పని మీద ఉంటాయి. కూలర్లు దించడం, పోయినేటి గడ్డి పీకడం, కొత్త గడ్డి కట్టడం. ఆ పనిలో గల్లీ మొత్తానికీ మొనగాడు కనకరాజు. పేరులో కనకం ఉంది, రాజున్నాడు. ఇంట్లో ఆ రెండూ లేకపోయినా భాగ్యలక్ష్మి ఉంది, ఆయన భార్య.

కనకరాజు ముప్పై ఏళ్ళు బొగ్గుబాయిలో పంపు నడిపాడు. బాయి అడుగున ఊరే నీళ్ళను పైకి తోడిపోయడం ఆయన ఉద్యోగం. నీళ్ళు ఎక్కడ ఉండకూడదో ఆయనకు బాగా తెలుసు. ఎక్కడ ఉండాలో తెలుసుకునే అవసరం సర్వీసులో రాలేదు. సర్వీసు అయిపోయాక, సర్వీసింగ్‌లో వచ్చింది.

విదేశీ సరుకుకు దేశం తలుపులు తెరిచాక ఒక్కొక్కటే లోపలికి వచ్చాయి. వంద చానెళ్ళ టీవీ వచ్చింది, జేబులో పట్టే ఫోను వచ్చింది. పద్దెనిమిదేళ్ళు గడిచాక నీళ్ళతో చల్లబడే మోటార్‌సైకిలు కూడా వచ్చి కనకరాజు ఇంటి ముందు ఆగింది. దగ్గర్లోని భద్రావతి ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు శ్రావణ్‌కుమార్ కొన్నాడు.

కనకరాజు బండి చుట్టూ మూడు సార్లు తిరిగాడు. ముందు చక్రం వెనక, ఇంజినుకు ఎదురుగా సన్నటి జాలి. దాని వెనక చిన్న ఫ్యాను. పక్కన చిన్న డబ్బాలో పచ్చటి నీళ్ళు.

“ఓసి, గిది కూలరే గదనే!” అని భార్యను పిలిచాడు.

“కూలరైతే కిటికీల వెట్టు. నిద్రన్న వడతది.”

“నవ్వకు. ఫ్యానున్నది, నీళ్ళున్నయి, జాలున్నది. గడ్డేది? కంపెనోడు గడ్డి మరిచిండు.”

“వాడు మరిస్తే మరిచిండు, నువ్వు తినకు” అంది భాగ్యలక్ష్మి.

ఆమె మాట వింటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. కనకరాజు మర్నాడే కూలర్ గడ్డిని జానెడు పలకలా పరిచి, నల్ల జాలీ గుడ్డలో పెట్టి, నాలుగు వైపులా కుట్టి, సన్న తీగతో బండి జాలి మీద బిగించాడు. కుట్టు ఎంత ముచ్చటగా కుదిరిందంటే, శ్రావణ్ ఒకసారి చూసి అది బండితో పాటు వచ్చిందే అనుకున్నాడు. కొన్న రెండో రోజది, ఏ బోల్టు ఎక్కడుందో వాడికీ ఇంకా తెలియదు. పొద్దున్నే అయిదింటికి, కొడుకు లేవకముందే, కనకరాజు గడ్డిని తడిపేవాడు. డబ్బాలో పచ్చనీళ్ళు గీత కిందికి దిగితే చెంబుతో బోరు నీళ్ళు పోసేవాడు. శనివారం సాయంత్రం గడ్డి విప్పి కడిగి మేడ మీద ఆరబెట్టేవాడు, ఆదివారం రాత్రి మళ్ళీ కట్టేవాడు; ముందు చక్రం చాటున ఉండేది కాబట్టి శ్రావణ్ తేడా పట్టలేదు. కడిగిన నీళ్ళు నల్లగా కారుతుంటే ఆయన గుండె పొంగేది. ‘గీ గడ్డి లేకుంటె గీ మట్టంతా ఇంజిన్లకే వోవు గద!’

బొగ్గు లారీలు తిరిగే రోడ్డది. తడిగడ్డి మీద బొగ్గుపొడి పడి, ఎండకు కాలి, అయిదు మైళ్ళు పోయేసరికి బండి ముక్కు మీద రొట్టె తయారయ్యేది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. శ్రావణ్‌కు తెలిసిందల్లా ఘోడ్‌పేట్ అన్న ఊరు దాటగానే, ఇంజిను కాగిందని వెలిగే ఎర్రలైటు.

ఆదివారం వాడు బండిని మెకానిక్ అప్పలనర్సయ్య షెడ్డుకు తీసుకుపోయేవాడు. అప్పలనర్సయ్యా కనకరాజూ ముప్పై అయిదేళ్ళ కింద మంచిర్యాలలో ఒకే రైలెక్కి వచ్చినవాళ్ళు. ఒకడు భూమి కిందికి పోయాడు, ఒకడు బండి కిందికి. అప్పలనర్సయ్య అరగంట ఇంజిను ఆడించి చూసేవాడు. లైటు వెలిగేది కాదు. ఎట్లా వెలుగుతుంది? గడ్డి మేడ మీద ఎండుతోంది.

మూడో ఆదివారం శ్రావణ్‌తో పాటు కనకరాజు కూడా వచ్చి షెడ్డు బల్ల మీద కూర్చున్నాడు.

“కాకా, నీ దగ్గర మంచిగనే ఉంటది, సోమవారం మళ్ళ గదే కథ” అన్నాడు శ్రావణ్. “ఇయ్యాల లోపం దొరకకుంటె నాగ్‌పూర్ తీస్కవోత. ఫ్యాక్టరీల ఎనిమిది మంది గిదే బండి కొన్నరు. యాడ సర్వీసింగ్ జేపియ్యాల్నని నన్నే అడుగుతుండ్రు. ఏం జెప్పమంటవ్? నర్సయ్య కాకకు పాత బండ్ల పనే వస్తదని చెప్పాల్నా?”

మాట నెమ్మదిగానే అన్నాడు, కానీ బరువుగా పడింది. పాత బండ్లు ఊళ్ళో ఏటేటా తగ్గిపోతున్నాయి. ఆ ఎనిమిది మంది రాకపోతే, వాళ్ళను చూసి రాబోయేవాళ్ళూ రారు. షెడ్డు మీద తన పేరు రాసిన బోర్డును అప్పలనర్సయ్య ఒకసారి చూసుకున్నాడు.

“నాగ్‌పూర్ దాక ఎందుకురా, కడుపు ఇప్పి చూద్దాం” అని జాలి మీద అరచెయ్యి పెట్టి చూశాడు. “సల్లారింది. సల్లారినంకనే మూత తియ్యాలె. వేడి మీద తీస్తే పుట్టువెంట్రుకల దాక గుండు జేస్తది.”

“లోపలేముంటది నర్సన్నా?” అడిగాడు కనకరాజు.

“నీ బాయి పంపే రాజన్నా. ఇంజిన్ సుట్టు నీళ్ళు తిరుగుతయి, వేడి మూట నెత్తిన వెట్టుకోని గీ జాలికొస్తయి. జాలి సందులకెల్లి గాలి వోయి ఆ మూట దించుకుంటది. నీళ్ళు కూలి, గాలి మేస్త్రి. మేస్త్రి రాకుంటె కూలి మూటతోనే మళ్ళ తిరుగుతడు.”

కనకరాజు చేతిలోని చాయ్ గ్లాసు ఆగింది. “గాలి... గీ సందులకెల్లే వోవాల్నా?”

“నీ ముక్కు మూస్తే నువ్వు యాడికెల్లి పీలుస్తవ్?”

కనకరాజు గ్లాసును బల్ల మీద పెట్టేశాడు.

కింద గొట్టం విప్పగానే నీళ్ళు పళ్ళెంలోకి దిగాయి. పచ్చగా ఉండాల్సినవి పాలు కలిపినట్టున్నాయి. అప్పలనర్సయ్య వేలితో రుద్ది చూశాడు. “సున్నం. గీండ్ల ఎవరో బోరు నీళ్ళు పోసిండ్రు. పోసుడైతే బాటరీకి పోసే నీళ్ళసొంటివి, గీ పచ్చమందు కలిపి పొయ్యాలె.”

“నేనైతే పొయ్యలే కాకా” అన్నాడు శ్రావణ్.

బండి నీళ్ళు కక్కింది, కనకరాజు నీళ్ళు నమిలాడు.

అప్పలనర్సయ్య మెత్తటి కుంచెతో జాలి సందులు దులపడం మొదలుపెట్టాడు. ఒకచోట కుంచె ఆగింది. పట్టకారుతో మెల్లగా లాగాడు. బొగ్గు అంటుకున్న సన్నటి గడ్డిపోచ. వెలుతురుకు పట్టి చూశాడు. చంద్రాపూర్‌లో పుట్టిన పిల్లి కూడా ఆ గడ్డిని గుర్తుపడుతుంది. అప్పలనర్సయ్య చూపు పోచ మీంచి కనకరాజు మీదికి వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. జాలిలోంచి తీసిన పోచను చూపులోని జాలితోనే గుప్పిట్లో మూసి, అప్పలనర్సయ్య చెత్తబుట్టలో పడేశాడు.

“తప్పు నాదే బిడ్డా” అన్నాడు శ్రావణ్‌తో. “జాలి సాఫ్ చెయ్యాల్సుండె. మరిచిన.”

“మరిచినవా? మూడు వారాలా? బస్ ఝాలా కాకా, ఇగ చాలు.” శ్రావణ్ జేబులోంచి ఫోన్ తీశాడు. ఆ ఎనిమిది మందినీ నాగ్‌పూర్ పొమ్మని చెప్పేందుకు ఫ్యాక్టరీ స్నేహితుడు ప్రహ్లాద్ నంబరు నొక్కాడు. అవతల మోగుతోంది.

కనకరాజుకు బాయి గుర్తొచ్చింది. పంపు ఆగిందంటే, ఎవరు ఆపారన్నది తర్వాత, ముందు ‘ఆగింది’ అని పైకి అరవాలి. అరవనివాడు తన మర్యాద కోసం కింద ఉన్నవాళ్ళను ముంచినట్టు.

“ఫోన్ ఆపురా” అన్నాడు లేచి నిలబడి. “తప్పు ఆయినది కాదు. జాలికి గడ్డి కట్టింది నేను. బోరు నీళ్ళు పోసింది గూడ నేనే.”

“ఏం గడ్డి?”

“ముందట నల్లగుంటదే, గది.”

“గది... కంపెనీది గాదా నాయనా?”

“కంపెనోడు గంత మంచిగ కుడతడారా?” అన్నాడు అప్పలనర్సయ్య.

ముందు శ్రావణ్ మొహం ఎర్రలైటులా వెలిగింది. తండ్రి తల దించుకుని, కూలర్ గడ్డి కట్టీ కట్టీ గీరుకుపోయిన వేళ్ళను ఒకదానితో ఒకటి నలుపుకుంటున్నాడు. రోజూ అయిదింటికి నీళ్ళ చప్పుడు ఎందుకు వినిపించేదో వాడికి అప్పుడు అర్థమైంది. ఫోన్లో ప్రహ్లాద్ “హలో, హలో, బోల్ నా రే” అంటున్నాడు.

“ఆ, ప్రహ్లాద్” అన్నాడు శ్రావణ్ ఫోన్ చెవికి పెట్టుకుని. “దొరికిందిరా. జాలిల గడ్డి ఇరుక్కుండె. నర్సయ్య కాక వట్టిండు... ఏమో, రోడ్డు మీది గడ్డే. అందరు వచ్చే ఆదివారం తుకుంల కాక షెడ్డుకు రాండ్రి.”

కనకరాజు మళ్ళీ బల్ల మీద కూలబడ్డాడు. చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు.

ఆ తర్వాత పని తాపీగా సాగింది. బాటరీ నీళ్ళతో రెండు సార్లు లోపల కడిగారు. పచ్చమందు పోసి, మూత బిగించకుండానే ఇంజిను నడిపారు. బుడగలు ఒక్కొక్కటే పైకి వచ్చి పగిలాయి. “లోపలి గాలి బయటికి రావాలె. కడుపుల దాచుకుంటె బండికైనా మనిషికైనా వేడే” అన్నాడు అప్పలనర్సయ్య, కనకరాజు వైపు చూడకుండా. బుడగలు ఆగాక మూత బిగించాడు. కాసేపటికి ఫ్యాను దానంతటదే తిరిగింది, కాసేపటికి దానంతటదే ఆగింది.

ఇంటికి వెళ్ళాక భాగ్యలక్ష్మి కథంతా విని, కంపెనోడు పెట్టని గడ్డి తాను పెట్టింది, బాగానే పెట్టింది. కనకరాజు దాంతో పాటే తిన్నాడు, అన్నం.

సోమవారం అయిదింటికి అలవాటు కొద్దీ లేచి బకెట్ నింపాడు. బండి దగ్గర గొంతుక్కూర్చుని చూస్తే, పచ్చనీళ్ళు సరిగ్గా రెండు గీతల మధ్యన ఉన్నాయి. చెయ్యి పెట్టలేదు. బకెట్ తీసుకుపోయి కిటికీలో కూలర్‌కు పోశాడు. శ్రావణ్ వెళ్ళాక గడప మీద ఫోన్ పెట్టుకుని కూర్చున్నాడు. ఘోడ్‌పేట్ దాటే వేళయింది. దాటి కూడా పది నిమిషాలయింది.

ఫోన్ మోగింది.

“నాయనా, భద్రావతి చేరిన. లైటెలగలే.”

“బరం, బరం, మంచిది” అన్నాడు కనకరాజు. “సల్లగుండు బిడ్డా.”