రబ్బరు తలకాయకు వినపడే మాట

మా ఆయన చంద్ర హిందూపురంలో ఒక చిన్న హెడ్‌ఫోన్ల కంపెనీలో పనిచేస్తాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాక బయటి మాట చెవికి ఎంత చేరుతుందో కొలవడమే అతని ఉద్యోగం. నవ్వకండి, దానికీ జీతమిస్తారు.

అక్కడ బల్లమీద ఒక రబ్బరు తలకాయ ఉంటుంది. దాని చెవుల్లో మైకులు. ఎదురుగా స్పీకర్లో ఒక మాట వినిపిస్తారు, ముందు ఉత్త చెవులకు, తర్వాత హెడ్‌ఫోన్లు తగిలించి. రెండింటికీ తేడా తక్కువుంటే అది ఓపెన్, ఎక్కువుంటే క్లోజ్డ్. ఆ స్పీకర్లో వినిపించే మాట నాదే. పెళ్లైన కొత్తలో ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చి, "ఏదన్నా మామూలుగా మాట్లాడు భాగ్యా" అన్నాడు. చేతిలో గరిటె ఉంది, నాకేం తోస్తుంది? "అన్నం పెట్టినా, రా" అన్నాను. ఇప్పటికీ ఆ ముక్కే రబ్బరు తలకాయకు వినిపిస్తున్నారు. అది తెలిసి మురిసిపోయాను కూడా, పిచ్చిదాన్ని.

ఇంటికొస్తే మాత్రం చెవులు అలిసిపోయాయంటూ బాగా మూసుకుపోయే హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చునేవాడు. వాటిలో పాటలు కూడా ఉండవు. నేను పిలిచి పిలిచి, చివరికి పళ్ళెం తెచ్చి ఒళ్ళో పెట్టేదాన్ని. ఇంట్లో ఇద్దరం, మాట్లాడేది నేనొక్కదాన్నే. ఏడుపొచ్చేది. ఒకరోజు బాత్రూంలో జారిపడి, కాలు మడతపడి అరిచాను. గోడ అవతలి పోర్షన్ నుంచి సల్మా పరుగెత్తుకొచ్చింది. చంద్ర పక్క గదిలోనే ఉన్నాడు. కాలు నయం కాగానే ధర్మవరంలో మా అక్క హనుమక్క ఇంటికి వచ్చేశాను.

అక్కావాళ్లది చేనేత. పగలంతా మగ్గం చప్పుడు. నేను రాట్నం ముందు కూర్చుని కండెలకు దారం చుడతాను. ఇంత చప్పుడులోనూ మేమిద్దరం గొంతెత్తకుండానే మాట్లాడుకుంటాం. అయినా పెనుకొండ మీదుగా వచ్చే హిందూపురం రైలు కూత వినపడితే నా చెయ్యి రాట్నం మీద ఆగిపోయేది. తిట్టుకుంటూనే ఎదురుచూశాను, దాచుకోవడమెందుకు?

మొన్న ఆదివారం ఆ రైలు దిగి వచ్చాడు. చేతిలో పూలు లేవు, పండ్లు లేవు. హెడ్‌ఫోన్లు!

"ఏమప్పా చంద్రా, ఇవి యాడ నుంచి తెచ్చినావు?" అంది అక్క.

"నేనే కొలిచినా వదినా. మా కంపెనీలో వీటిని మించిన ఓపెన్ లేదు." నాకేసి తిరిగాడు. "ఇంగ ఇంట్లో ఇవే పెట్టుకుంటా భాగ్యా. పెట్టుకున్నా నీ మాట అట్లే వినపడ్తాది. కావాలంటే చూడు. నేను గోడ తట్టు తిరుక్కుంటా, నువ్వు మెల్లగా ఏమన్నా చెప్పు. నువ్వు అన్నది అన్నట్లే చెప్తా."

"తీసేసి కూర్చుంటే సరిపోదా అప్పా?" అంది అక్క. ఆ సంగతి అతనికి తోచనే లేదు.

నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఇంత దూరం వచ్చాడు కదా అని మనసు కరిగింది కూడా. పాపం, అతనికి తెలిసిన దారి అదొక్కటే. నా మాట వినపడితే వెళ్లిపోదాం అనుకున్నాను. ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను: "రేపు పోదాం పా."

అక్క మగ్గం ఆపింది. అతను హెడ్‌ఫోన్లు పెట్టుకుని గోడకేసి తిరిగాడు. మెడ వెనక జుట్టు పెరిగిపోయి ఉంది. నేను వెనకాల నిలబడ్డాను. ఆ జుట్టుకేసి చూస్తూ, చెప్పబోయే మాటను మనసులో ఇంకోసారి అనుకున్నాను.

"ఆఁ, వినపడె!" అన్నాడు చంద్ర. ముఖమంతా వెలిగిపోతూ ఇటు తిరిగాడు. "అన్నం పెట్టినా, రా. అంతే గదా?"

"ఓయమ్మా!" అంది అక్క.

"నేనింగా నోరే తెరవలేదు" అన్నాను.

అతను హెడ్‌ఫోన్లు తీసి తిప్పి తిప్పి చూశాడు, వాటిలో ఏం తప్పుందోనని. నా ముఖం మాత్రం చూడలేదు.

మధ్యాహ్నమైంది. ఎంతైనా ఇంటికొచ్చిన మనిషి. అతను కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోతే, నేను పళ్ళెంలో అన్నం, పప్పు వడ్డించి గడప దగ్గరికి వెళ్లాను. రబ్బరు తలకాయకు వినిపించే ఆ మాటే నాలుక దాకా వచ్చింది. అది పలికితే వెంటనే వస్తాడని తెలుసు.

"నువ్వు పిలువక్కా" అని చెప్పి, వచ్చి రాట్నం ముందు కూర్చున్నాను.